మామిడి కాలంలో మెమరీ చాలని మిషను

మా అక్క మనవరాలు కీర్తన ఈ మధ్యే ఒక డేటా సెంటరులో ఉద్యోగానికి చేరింది. చేరిన వారానికే నాకు ఫోను, మా ఇంట్లో మాట్లాడే తమిళం కలిసిన తెలుగులో.

"అవ్వా, ఈ సర్వరు బోర్డుకు రొంబ పొగరు. ర్యామ్ సగం స్లాట్లలో పెడితే బాగా పరిగెత్తుతాంది. అన్నిట్లోనూ పెడితే తనంతట తానే వేగం తగ్గించుకుంటాంది. ఎక్కువ పెట్టినాక వేగం ఎక్కువ దా కావల్ల?"

నాకు నవ్వు ఆగలేదు. వాళ్ల అమ్మ ఇంకా గౌను వేసుకుని బడికి పోతున్న రోజుల్లో ఇదే మాట నేను మా సారును అడిగాను. జవాబు తమిళనాడు ధర్మపురిలో, మామిడిపళ్ల గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీలో దొరికింది.

"ఫోనులో చెప్తే తీరేది కాదు, రాసి పంపుతాను" అన్నాను.

"తెలుగులో రాస్తే నాకు చదివేకి రాదే!"

"మీ అమ్మ చదివి చెప్తాది. ఆమెకు అక్షరాలు దిద్దించింది నేనే."

అలా మొదలైంది ఈ రాత. ప్రమోషన్లు, బదిలీలు, ఆఫీసు కాగితాలు ఇందులో ఉండవు. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకేలా ఉంటాయి, చదివేవాళ్లకు ఆవలింత తప్ప ఏమీ రాదు. నాకు పని నేర్పిన ఇద్దరు పెద్దమనుషుల గురించి, ఒక్క మామిడి కాలం గురించి చెబుతాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు అది చాలనే అనుకుంటున్నాను.

ఇంజనీరు వెనకాల వస్తాండాడా?

మాది బొమ్మిడి. స్టేషనుకు ఎదురుగా మా నాయనకు చింతపండు, వేరుశెనగ అంగడి. సేలంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి ఎనభైల చివర్లో ఒక కంప్యూటర్ల కంపెనీలో సర్వీసు ఇంజనీరుగా చేరాను. హెడ్డాఫీసు మద్రాసు. మా బ్రాంచి ధర్మపురి బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల షాపు మేడ మీద రెండు గదులు. సర్వీసుకు ఉన్నది ఇద్దరమే: గోవిందప్ప సారు, నేను.

టూల్‌కిట్టు పట్టుకుని ఏ గుమ్మం ఎక్కినా మొదటి ప్రశ్న ఒకటే: "ఇంజనీరు వెనకాల వస్తాండాడా?" మొదట్లో ఉడుక్కునేదాన్ని. తర్వాత్తర్వాత, "ముందే వచ్చేసినాడు, లోపల ఉండాడు" అని చెప్పి నేరుగా మిషను దగ్గరికి పోయేదాన్ని. వాళ్లు లోపలంతా వెతికి తిరిగొచ్చేలోపల పని సగం అయ్యేది.

గోవిందప్ప సారుది హోసూరు పక్క పల్లె. లావు కళ్లద్దాలు, తెల్ల పంచె, దాని మీద ఇన్‌షర్ట్ చేసినట్టు మడిచిన చొక్కా. ఆ వేషంలో కంప్యూటరు విప్పే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆయన ఏ ఫిర్యాదుకు పోయినా స్క్రూడ్రైవరు బయటికి తీసేవారు కాదు. మిషను ముందు కూర్చున్న మనిషి పక్కన స్టూలు వేసుకుని అడిగేవారు:

"నువ్వు దేనికి కాచుకోనుండావు?"

వేగం ఎంత, మెమరీ ఎంత అని కాదు. ఆ మనిషి ఏ మీట నొక్కి, దేనికోసం కాచుకుని కూర్చుంటున్నాడో అది చెప్పమనేవారు. నేను నేర్చుకున్న విద్యలో సగం ఆ ప్రశ్నే.

హోసూరు దెబ్బ

అప్పట్లో సర్వరు అనే మాట మా దగ్గర వాడుకలో లేదు. నడుమ ఒక పెద్ద మిషను, దానికి తీగలతో తగిలించిన నాలుగైదు తెరలు, ఒక్కో తెర ముందు ఒక మనిషి. అందరి పనీ చేసిపెట్టేది ఆ నడుమ పెట్టెలోని ఒక్క బోర్డే. ఇప్పటివాళ్లు ఫోనులో తీసే ఒక్క ఫోటో పట్టేంత మెమరీ కూడా అందులో ఉండేది కాదు.

మెమరీ చిప్పుల మీద వాటి వేగం అచ్చువేసి ఉండేది. వంద అని ఉంటే వంద నానోసెకన్లలో, అంటే సెకనులో కోటో వంతులో, జవాబిస్తుంది. నూటయాభై అని ఉంటే కాస్త నిదానం. బోర్డు చిప్పును "ఆ గదిలో ఏముంది?" అని అడిగి, తనకు తెలిసిన గడువులో జవాబు తీసుకుంటుంది. నిదానం చిప్పు పెడితే బోర్డుకు ముందే చెప్పాలి, తన లోపలి గడియారం ఇంకొక్క దెబ్బ కొట్టేదాకా ఆగి తీసుకో అని. అలా చెప్పడానికి బోర్డు మీద జంపర్ ఉండేది: రెండు పిన్నులను కలిపే నల్లటి చిన్న టోపీ, గింజంత. చిక్కేమిటంటే, దాన్ని మార్చితే కొత్త చిప్పుల కోసమే కాదు, పాత వేగం చిప్పుల దగ్గర కూడా బోర్డు ఆగుతుంది.

హోసూరులో అచ్చులు చేసే ఒక వర్క్‌షాపు మా కస్టమరు. మిషను మీద ఒకే ఇంజనీరు, పొద్దంతా ఒకే లెక్క. ఇనుప అచ్చు వంపు ఎంత ఉండాలో తేల్చే పని. మద్రాసు నుంచి మా సేల్స్ మేనేజరు చంద్రమౌళి గారు వచ్చి వాళ్లకు ఇంకొంత మెమరీ అమ్మారు. దొరికినవి నిదానం చిప్పులు. పద్ధతి ప్రకారం జంపర్ మార్చి బిగించి వచ్చాం. మూడో రోజే ఆ ఇంజనీరు మండిపడ్డాడు. లెక్క ముందుకంటే ఎక్కువసేపు నడుస్తోంది. మెమరీ పెంచి మిషనును సోమరిని చేశారన్నాడు. నిజమే. అతని లెక్కకు పాత మెమరీయే సరిపోయేది. మేమిచ్చిన కొత్త చోటు ఖాళీగా పడి ఉంది, దాని పేరు చెప్పి బోర్డు మాత్రం అడుగడుక్కీ ఆగుతోంది.

చిప్పులు ఊడదీసి తెచ్చేశాం. చంద్రమౌళి గారు ఆ దెబ్బకు ఒక శాసనం చేశారు: "ఇకమీదట ఏ కస్టమరు దగ్గరా ఆ జంపర్ ముట్టుకోకూడదు. మనం అమ్మేది వేగం." నాకూ అది న్యాయంగానే తోచింది. నిదానం చిప్పంటే నాకు అంటరాని వస్తువైపోయింది.

ఆరో తెర

రంగస్వామి నాయుడు గారి ఫ్యాక్టరీ పాలక్కోడు పోయే దారిలో ఉంది. మామిడిపళ్లు తీసుకుని, మాగబెట్టి, గుజ్జు తీసి డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ. కాపు దిగే రెండు నెలలు అక్కడ తిరనాళ్లే. అంతకుముందు లారీలన్నీ చేతిరాత చీటీలతో లోపలికి పోయేవి, ఒక్కో బండికి సగం పూట పట్టేది. నాయుడు గారు ధైర్యం చేసి మా మిషను పెట్టించారు. కాటా దగ్గర ఒక తెర, పళ్లు ఏరే బల్లల దగ్గర రెండు, మాగబెట్టే గదుల దగ్గర ఒకటి, గుజ్జు తీసేచోట ఒకటి, ఆఫీసులో ఒకటి. జిల్లాలో ఇలాంటి ఫ్యాక్టరీ వాళ్లు ఇంకో ముగ్గురు, నాయుడు గారి సంగతి ఏమవుతుందో చూసి తామూ కొందామని కాచుకుని ఉన్నారు. మా బ్రాంచి బతుకు ఆ మామిడిపళ్ల మీద ఉందంటే అతిశయోక్తి కాదు.

కాలం మొదట్లో బళ్లు తక్కువ. మూడు తెరలు వాడితే సరిపోయేది. అంతా పూలమీద నడిచినట్టు నడిచింది. నాయుడు గారు వచ్చినవాళ్లందరికీ మిషను చూపించి కాఫీ ఇచ్చేవారు.

తోతాపురి కాపు విరగబడి దిగింది. మా పక్కన దాన్ని బెంగళూరా అంటారు. ఆరు తెరలూ వెలిగిన రోజు మిషను కుదేలైంది. మీట నొక్కితే మళ్లీ తెర పలికేలోపల కాటా మీద బండి డ్రైవరు దిగి, టీ తాగి వచ్చేవాడు. లారీల వరస గేటు దాటి రోడ్డెక్కింది. ఆ ఎండకు అడుగున ఉన్న పళ్లు నలిగి రసం రోడ్డు మీద చుక్కలు చుక్కలుగా కారుతోంది. మెత్తబడిన పండును ఏరేబల్ల మీద పక్కకు తోసేస్తారు. రైతు ఏడాది కష్టం అలా కళ్ల ముందే కారిపోతోంది.

వరసలో మా అమ్మ తమ్ముడు కిష్టప్ప మామ ట్రాక్టరు కూడా ఉంది. పాపిరెడ్డిపట్టి నుంచి తెల్లవారకముందే బయల్దేరి వచ్చాడట. నన్ను చూసి ట్రాక్టరు మీదనుంచే కేకేశాడు.

"ఏమ్మే శ్యామలా! ఆ పెట్టె లోపల నువ్వే కూర్చోని రాస్తాండావా ఏమి? ఇంత నేరమా?" మా పక్క నేరమంటే సేపు.

చుట్టూ ఉన్న రైతులంతా నవ్వారు. నేనూ నవ్వి, గబగబా లోపలికి నడిచాను.

గోవిందప్ప సారు వచ్చి కాటా దగ్గర తెర ముందు కూర్చున్న పొన్నమ్మ పక్కన స్టూలు వేసుకున్నారు. పొన్నమ్మది పెన్నాగరం దగ్గర పల్లె, గొర్రెలు మేపే కుటుంబం. టైపు నేర్చుకుని ఈ పనిలో చేరింది.

"దేనికి కాచుకోనుండావమ్మా?"

"సారూ, పొద్దున నేనొక్కదాన్నే ఉంటే బాగా పోతాది. ఇంకొకరు, ఇంకొకరు వచ్చి కూర్చుంటారు కదా, అప్పుడు మెల్లగా అయిపోతాది. ఆరో తెర పెట్టినాక నాది కూడా నిలిచిపోతాది. వాళ్లు అక్కడ కూర్చుంటే నాకు ఇక్కడెందుకు నిలవాల?"

సారు ఆరో తెర ఆపించారు. కొంచెం మెరుగు. అయిదోది ఆపించారు. పొన్నమ్మ వేళ్లు మళ్లీ పరిగెత్తాయి. అయిదోది తిరిగి పెట్టించి నన్ను పిలిచారు. "పెట్టె మీద చెవి పెట్టు" అన్నారు. లోపల డిస్కు గరగరమని ఊపిరాడకుండా కొట్టుకుంటోంది.

"వంటింట్లో గట్టు ఎంతుంటాది? దాని మీద నాలుగు గిన్నెలు పడతాయి. ఆరుగురికి వంట చెయ్యాలంటే? ఒక గిన్నె తీసుకోని పోయి కొట్టుగదిలో పెట్టల్ల, ఇంకొకటి తెచ్చుకోవల్ల. మళ్లా అది పెట్టల్ల, ఇది తెచ్చుకోవల్ల. వండేదానికంటే మోసేదే ఎక్కువ. మెమరీ అంటే గట్టు, డిస్కు అంటే కొట్టుగది. ఈ మిషను పాపం పొద్దున్నించి మోస్తానే ఉండాది."

ఒళ్లో చిప్పుల కట్ట

మందు తెలిసింది, మెమరీ పెంచాలి. బోర్డు పక్కన అదనపు మెమరీ కార్డు పెట్టే చోటు ఉంది. కానీ ఆ ఏడాది చిప్పులకు ఎక్కడలేని కరువు. బెంగళూరులో మాకు సరుకిచ్చే షాపుకు ఫోను చేస్తే, ఉన్నవి నిదానం చిప్పులేనన్నాడు. వేగం చిప్పులు కావాలంటే మామిడి కాలం ముగిసేదాకా ఆగాలట.

"వద్దు సారూ" అన్నాను వెంటనే. "హోసూరులో పడింది చాలదా?"

సారు కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

"హోసూరులో ఆ అబ్బాయి దేనికి కాచుకోనుండె?"

"లెక్క అయ్యేకి."

"ఇక్కడ పొన్నమ్మ?"

నాకు అప్పటికి వెలిగింది. పొన్నమ్మ కాచుకున్నది డిస్కు కోసం.

"డిస్కు దగ్గరికి పోయి వచ్చేది నడిచి బెంగళూరికి పోయి వచ్చినట్ల. నిదానం చిప్పు అనేది పక్కింటికి పోయేకి ముందు చెప్పులు తొడుక్కున్నట్ల. చెప్పులకు భయపడి బెంగళూరికి నడుస్తావా?"

ఆ రోజే బెంగళూరు బస్సెక్కాను. చిప్పులు పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాల్లో వస్తాయి. వాటిని కట్టగట్టి, గుడ్డలో చుట్టి, ఒళ్లో పసిబిడ్డలా పెట్టుకుని తిరిగొచ్చాను. కృష్ణగిరి దాటాక కండక్టరు ఆ కట్ట చూసి, "అదేమిమ్మా, ఊదుబత్తీలా?" అన్నాడు. "కాదన్నా, కంప్యూటరుకు జ్ఞాపకశక్తి" అన్నాను. "మా అబ్బాయికి పరీక్షలు ఉండాయి, రెండు ఇచ్చి పో" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ నవ్వుతోనే ధర్మపురిలో దిగాను.

మధ్యాహ్నం

నేను తిరిగొచ్చేసరికి రెండు సంగతులు జరిగిపోయాయి. గోవిందప్ప సారు కూతురికి కాన్పు దగ్గరపడి ఆయన సేలం వెళ్లారు. నాయుడు గారు మద్రాసుకు ఫోను చేసి గట్టిగా మాట్లాడినందువల్ల చంద్రమౌళి గారు స్వయంగా వచ్చి దిగారు. టై కట్టుకుని, ఆ మామిడి రసం బురదలో పాలిష్ బూట్లతో నిలబడి ఉన్నారు.

"శ్యామలా, చిప్పులు పెట్టు. జంపర్ మాత్రం ముట్టుకోవద్దు. మళ్లీ హోసూరులాగా మిషను స్లో అయిందని ఇంకో కస్టమరు నోట వినలేను."

"జంపర్ మార్చకుండా ఈ చిప్పులు ఆ వేగానికి నిలబడవు సార్."

"షాపులో పెట్టి చూశారట, నడిచింది. పెట్టు."

పొద్దున్నే, లారీలు కాటా ఎక్కకముందే పని మొదలుపెట్టాను. చిప్పుకు ఒంటిలోని కరెంటు తగలకుండా మణికట్టుకు ఎర్తు తీగ కట్టుకుంటాం. నాయుడు గారు అది చూసి, "ఏమి పాపా, నోము తోరం కట్టుకోని కూర్చుండావు?" అన్నారు. "అవును మామా, మీ మిషను బాగుండల్ల అని" అన్నాను. ఆయన నిజంగానే చేతులు జోడించి దండం పెట్టి వెళ్లారు.

ఆన్ చేయగానే మిషను మెమరీని లెక్కపెట్టుకుంటూ పోయింది. పాత అంకె దాటి ఇంకా పైకి ఎక్కింది. ఆరు తెరలూ వెలిగాయి. డిస్కు గరగర లేదు. లారీలు బిరబిరా కదిలాయి. పొన్నమ్మ నా వైపు చూసి కళ్లెగరేసింది. నాయుడు గారు మజ్జిగ పంచిపెట్టారు. చంద్రమౌళి గారు ఒక గ్లాసు నాకిచ్చి, "చూశావా, జంపర్ అక్కర్లేదు" అన్నారు.

చల్లటి పొద్దుటిపూట ఏ చిప్పైనా మంచిదే. మధ్యాహ్నానికి ఎండ ముదిరింది. గుజ్జు తీసే యంత్రాలన్నీ ఒక్కసారి తిరగడంతో కరెంటు దిగిపోయి, గదిలో ఏసీ ఉత్త ఫ్యానైపోయింది. వేడెక్కిన చిప్పు జవాబివ్వడానికి ఇంకాస్త ఆలస్యం చేస్తుంది. గడువు ముగిసింది, జవాబు రాలేదు. ఆరు తెరలూ ఒక్కసారే నిలిచిపోయి, నడుమ మిషను మీద మెమరీలో తప్పు దొరికిందని ఒక్క వాక్యం వచ్చింది. మళ్లీ ఆన్ చేశాను. కాసేపు నడిచి మళ్లీ అంతే. సగంలో ఉన్న బళ్ల వివరాలన్నీ పోయాయి.

బయట రైతులు గేటు ఊపుతున్నారు. నాయుడు గారు గదిలోకి వచ్చారు. ఆయన కోపంగా లేరు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"పాపా, ఆ బయట ఉండే వాళ్లు నా అంగడికి వచ్చినోళ్లు కాదు, నన్ను నమ్మి వచ్చినోళ్లు. సాయంత్రం దాకా చూస్తాను. ఆపైన ఈ పెట్టెను మీ బండిలోనే ఎత్తి పంపించేస్తాను. చీటీలు రాసుకుంటాము."

ఒక్క దెబ్బ నిదానం

నేను చంద్రమౌళి గారి వైపు తిరిగాను. నాకు అప్పుడు ఇరవై మూడేళ్లు. ఆయన ఒక్క మాట రాస్తే నా ఉద్యోగం ఉండదు. అయినా సూటిగానే చెప్పాను.

"సార్, హోసూరులో మిషనుకు చోటు చాలింది, వేగం చాలలేదు. అక్కడ జంపర్ మార్చడం వల్ల నష్టం. ఇక్కడ వేగం చాలింది, చోటు చాలలేదు. ఒక్క దెబ్బ నిదానమైతే ఎవరికీ తెలియదు. డిస్కుకు పోయి రావడం తప్పితే అందరికీ తెలుస్తుంది. అక్కడ నేర్చుకున్నదాన్ని ఇక్కడ పెట్టి చూస్తున్నాం మనం."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి లారీల వరస చూశారు. టై వదులు చేసుకున్నారు. తర్వాత ఆయన చేసిన పని నేను జన్మలో మరిచిపోను. నాయుడు గారి దగ్గరికి నడిచి, "నాయుడు గారూ, పొద్దున ఈ అమ్మాయి చెప్పింది. వద్దన్నది నేను. ఇప్పుడు ఆమె చెప్పినట్టు చేయిస్తున్నాను. కుదరకపోతే మాట పడవలసింది నేనే, ఆమె కాదు" అన్నారు. నా వైపు తిరిగి, "కానివ్వు" అన్నారు.

పెట్టె విప్పాను. ఆ మూల వెలుతురు చాలలేదు. చంద్రమౌళి గారు బూట్లతోనే నేల మీద మోకరిల్లి టార్చి పట్టుకున్నారు. నల్లటి టోపీని ఊడదీసి పక్క పిన్నుల మీద కూర్చోబెట్టాను. అంతే పని. చంటిపిల్ల చెవి కమ్మ మార్చినంత.

ఆన్ చేశాం. మెమరీ లెక్క ఎక్కడం ఈసారి కాస్త మెల్లగా సాగింది. ఆయన అది గమనించి పెదవి కొరుక్కున్నారు. ఆరు తెరలూ వెలిగాయి.

పొన్నమ్మ మొదటి బండి వివరాలు కొట్టింది. రెండోది. మూడోది. బయట ఎండ అదే, ఏసీ ఫ్యానులాగే తిరుగుతోంది. మిషను మాత్రం నిలబడింది. అరగంట గడిచాక చంద్రమౌళి గారు ఉండబట్టలేక పొన్నమ్మను అడిగారు.

"పొద్దుటికంటే స్లోగా లేదూ?"

"నిదానమా?" అంది పొన్నమ్మ, చూపు తెర మీదనుంచి తిప్పకుండానే. "యాడ సారూ నిదానం? బండ్లోళ్లు దా నిదానంగా వస్తాండారు. రమ్మని చెప్పండి!"

నాయుడు గారు పగలబడి నవ్వారు. చంద్రమౌళి గారు గేటు దాకా పోయి, తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో డ్రైవర్లను తొందరపెట్టడం మొదలుపెట్టారు. కిష్టప్ప మామ ట్రాక్టరు కాటా దిగి పోతూ పోతూ హారను ఆపకుండా మోగించాడు. వెనకాల ఉన్న లారీలవాళ్లు సందర్భం తెలియకపోయినా తామూ అందుకున్నారు. ఆ మోతలో నేను గోడకానుకుని నిలబడి, చేతికి కట్టుకున్న తీగ విప్పడం కూడా మరిచిపోయి, పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

సేల్స్‌వాళ్ల మీద సర్వీసువాళ్లు చెప్పే కథలు మీరు చాలా వింటారు. నేనూ చెప్పాను. కానీ కస్టమరు ముందు "వద్దన్నది నేను" అని చెప్పిన పై అధికారులు నా ఉద్యోగకాలంలో చాలా తక్కువమంది. చంద్రమౌళి గారికి మెమరీ గురించి పెద్దగా తెలియదు. తెలియని సంగతి తెలియగానే మనసు మార్చుకోవడం మాత్రం తెలుసు. ఆ తర్వాత ఆయన మద్రాసులో కొత్తగా చేరిన ప్రతి సేల్స్ కుర్రాడికీ ఈ కథ చెప్పేవారట. అందులో టార్చి పట్టుకున్న ఘట్టం ఏటేటా పెరుగుతూ పోయిందని విన్నాను.

లారీ మీద పేర్చినట్టు

వారం తిరక్కుండా గోవిందప్ప సారు తాతగారై, లడ్డూల డబ్బాతో తిరిగొచ్చారు. నాయుడు గారు మా ఇద్దరినీ పట్టుకున్నారు.

"ఇంత పెట్టినందుకే ఇట్ల పోతాంది. ఇంకా పెట్టండి సామీ. లారీ మీద పేర్చినట్ల పైకి పేర్చుకోని పోండి!"

సారు లడ్డూ ఆయన చేతిలో పెట్టి చెప్పారు: "ఊర్లో ఇండ్లకు నంబరు వేస్తారు కదా. రెండంకెలు మాత్రం వేసేకి అవుతాదనుకోండి. సున్నా నుంచి తొంభైతొమ్మిది దాకా సరి. మీరు దాని మీద ఇంకొక ఇల్లు కట్టినారు. దాని జాబు యాడికి పోతాది? మొదటి ఇంటికే దా. ఈ బోర్డుకు కూడా పిలిచేకి ఇన్నే అంకెలు ఉండాయి. దాని మీద పెడితే మీ తోతాపురి పోయి ఇంకొకరి లెక్క మీద పడతాది."

నాయుడు గారు భయపడి వెంటనే విరమించుకున్నారు.

"ఇంకొకటి" అన్నారు సారు. "ఆ డిస్కు చప్పుడు వినండి. ఆరు తెరలూ నడుస్తాండాయి, అది చుమ్మా, ఊరికే నిద్రపోతాంది. ఆకలి తీరినాక ఇంకా వడ్డించేది ఎందుకు?"

కీర్తనా, నీ బోర్డు సంగతి కూడా ఇంతే. ఒకే దారి మీద రెండో ర్యామ్ కూర్చుంటే ఆ తీగల మీద బరువు పెరుగుతుంది. జవాబు తప్పు రాకూడదని బోర్డు తానే ఒక మెట్టు దిగుతుంది. అది పొగరు కాదు, జాగ్రత్త. మా కాలంలో ఆ జాగ్రత్త మేం చేత్తో చేసేవాళ్లం. నువ్వు అడగవలసిన మాట వేరే. నీ సర్వరు మీద పని చేసేవాళ్లు దేనికి కాచుకుని ఉన్నారు? చోటు కోసమైతే స్లాట్లన్నీ నింపు, వేగం తగ్గిందని దిగులుపడకు. లెక్క కోసమైతే సగమే పెట్టి పరిగెత్తించు. రెండూ కావాలంటే బోర్డు పుస్తకం తెచ్చి, చిన్న అక్షరాలతో సహా చదువు. అందులో లేనిది ఎవడు అమ్మజూపినా కొనొద్దు. పొద్దున పూట నడిచిందని సంతకం పెట్టి ఇంటికి రాకు. దాని మధ్యాహ్నం కూడా చూసి రా.

ఆఖరి బండి

ఆ కాలం ముగిసే రోజు నాయుడు గారు మమ్మల్ని భోజనానికి పిలిచారు. షెడ్డులో చాపలు పరిచి, కూలివాళ్లు, డ్రైవర్లు, ఆఫీసువాళ్లు అందరికీ ఒకే బంతి. పాయసం వడ్డిస్తుండగా గేటు దగ్గర ఒక బండి వచ్చి నిలిచింది. పెన్నాగరం పక్కనుంచి ఒక ముసలాయన, చిన్న టెంపోలో చివరి కోత. పొన్నమ్మ చేయి కడుక్కుని లేచి, నన్నూ లేపింది.

"అక్కా, దా. ఈ బండి నువ్వు కొట్టు."

"నేనా? నాకు రాదు."

ఆ మాట అన్నాక నాకే వింతగా అనిపించింది. ఆ మిషనులో ఏ చిప్పు ఏ సాకెట్టులో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. కానీ దాని ముందు కూర్చుని ఒక్క బండి కూడా ఎప్పుడూ కొట్టలేదు. నా లెక్కలో అది ఎప్పుడూ పరీక్ష చేయవలసిన పెట్టె. దానితో పని చేసుకునేది వేరేవాళ్లు.

పొన్నమ్మ తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి పక్కన నిలబడింది. ముసలాయన కిటికీ దగ్గరికి వచ్చి తువ్వాలు చంకలో పెట్టుకుని, పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. "బెంగళూరా" అన్నాడు. కొట్టాను. కాటా మీద ముల్లు చూసి పొన్నమ్మ బరువు చెప్పింది. అదీ కొట్టాను.

"ఇప్పుడు ఆ పెద్ద మీట నొక్కు అక్కా. గట్టిగా వద్దు. ఒక్కసారే."

నొక్కాను. వేలు ఎత్తేలోపలే తెర మారిపోయింది. ముసలాయన పేరు, ఊరు, పండు, పోవలసిన గది, అన్నీ వరుసగా నా ముందు నిలబడి ఉన్నాయి. కాచుకోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

"అయిపోయిందా పాపా?" అన్నాడు ముసలాయన, నమ్మలేక.

"అయిపోయింది తాతా" అన్నాను. "బండి ఆడ పెట్టి, వచ్చి కూర్చోండి. ఆకు వేసే ఉండాది."